గవ్వకు బెల్లం

పొద్దున్నే నేను మొదట చూసేది
గవ్వ మొగం కాదు, లద్ది.
ఉండలుండలుగా, రవంత తడిగా, మెరుస్తా ఉంటే
ఆ పూటకు అల్లా దయ ఉండాదని లెక్క.
తరవాతే దాని నుదుటి తెల్ల మచ్చ,
ఆ మచ్చకు నేను పెట్టిన పేరు,
ఆ పేరుకు తిరిగే రెండు చెవులు.

కొర్లగుంట సందులో మా లాయమంటే
నాలుగు రేకులు, ఒక నీళ్ల తొట్టి,
స్టేషన్ కాడ మా నాయన తోలిన జట్కాలో
మిగిలిన ఒంటి చక్రం.
కొండకు పోయే తొలి బస్సు హారన్ కొట్టేసరికి
రాత్రి నానేసిన ఉలవలు ఉబ్బి ఉంటాయి.
తవుడు చల్లి, ఉప్పుగల్లు వేసి తట్ట ముందు పెడితే
అది మొదట నా చెయ్యే వాసన చూస్తాది,
నిన్నటి కోపం ఇంకా ఉండాదా లేదా అని.

కాలు ఎత్తమంటే ఎత్తదు.
భుజంతో మెల్లగా ఆనితే
బరువంతా అవతలి కాళ్ల మీదికి మార్చుకొని
అప్పుడిస్తాది గిట్ట, చేబదులు ఇచ్చినట్టు.
కొక్కెంతో గులకరాళ్లు తీస్తా.
ఒకనాడు రాయికి బదులు రూపాయి బిళ్ల వచ్చింది.
ఎవరి ముడుపు జారి పడిందో!
హుండీకి పంపాలో ఉలవల్లో కలపాలో తేలక
రెండు రోజులు కొంగున కట్టుకొని తిరిగినా.

లాడాలు కొట్టే పెంచలయ్యకు చూపు తగ్గింది.
మేకు తలను వేలితో తడిమి, చెవితో కొడతాడు.
"గోట్లో దిగితే టక్కుమంటాదమ్మా,
మాంసం పక్కకు పోతే మేకు మూగదయిపోతాది."

గవ్వ వచ్చినప్పుడు మూడేండ్ల పిల్ల.
పక్కింటి కుక్కర్ కూసినా తలుగు తెంపుకునేది.
ఇది పెండ్లి గుర్రమా అని సందంతా నవ్వింది.
నేను మా తమ్ముని కొడుకు చాంద్‌కు
ఖాళీ నూనె డబ్బా ఇచ్చి
వంద అడుగుల అవతల నిలబెట్టినా.
అక్కడ వాడు కొట్టిన ప్రతిసారీ
ఇక్కడ నా అరచేతిలో బెల్లం.
డబ్బా ఆగితే బెల్లం లేదు.
మర్నాడు తొంభై అడుగులు.
ఆ మర్నాడు ఎనభై.

ముప్పై కాడ నిలిచిపోయింది.
పదకొండు రోజులు.
చెవులు వెనక్కి, కంట్లో తెల్లగుడ్డు,
ఈగ వాలకుండానే తొడ మీద చర్మం వణుకు.
"ఒక్కటి వెయ్యి ఫుప్పూ" అన్నాడు చాంద్.
మా నాయన చర్నాకోలను గాల్లోనే ఆడించేవాడు.
ఆ గాలి దెబ్బకే మా ముసలి గుర్రం
చచ్చేదాకా ఎడమ పక్క చూడలేదు.
"నలభైకి పోదాం పదరా" అన్నా.

ఆ నడిమిలోనే ఒక రాత్రి, శూల.
పొట్ట తట్టు తిరిగి తిరిగి చూస్తాది,
నేల గీరుతాది, మోకాళ్లు వంచబోతాది.
నేను వచ్చేదాకా పడుకోనియ్యొద్దని, నడిపించమని
వెటర్నరీ కాలేజీ డాక్టరమ్మ ఫోన్లో.
సందు చివరిదాకా, మళ్లీ రేకులదాకా.
కొండ మీద మెట్ల దారి దీపాలు
మాతో పాటు నిద్ర కాచినాయి.
దువా అయిపోయింది, బుజ్జగింపు అయిపోయింది,
చివరికి బాకీలు చెప్పుకున్నా దానికి:
గడ్డి మోపు ధర, పాలాయనకు ఇయ్యాల్సింది,
చాంద్ స్కూలు ఫీజు.
ఇంజెక్షన్ పడినాక, తెల్లారబోతుండగా
లద్ది వేసింది.
దాన్ని చూసి ఏడ్చినా.
ఎవరితో చెప్పుకునేది ఈ మాట!

రేణిగుంట రోడ్డు కల్యాణ మండపం ముందర
మొదటి బేరం.
పూసల జీను, పట్టు కుచ్చులు, పైన పెండ్లికొడుకు.
బ్యాండు మేళం ఒక్కసారిగా పడింది.
నా గుండె మాత్రం
వంద అడుగుల అవతలికి పరుగెత్తింది.

గవ్వ చెవులు ముందుకు నిక్కించింది.
నిదానంగా నడిచి
డ్రమ్ము కొట్టేవాని జేబును మూతితో పొడిచింది,
బెల్లం యాడరా అన్నట్టు.
జనం నవ్వినారు. వాడు కొట్టడం మర్చిపోయినాడు.

జీను కొనను రెండు చేతులా పట్టుకొని
వణుకుతా ఉండేది పెండ్లికొడుకే.
మోకాళ్లతో దాని డొక్కలు నొక్కేస్తుండాడు.
"పగ్గం వదులు చెయ్ నాయనా,
ఊపిరి బయటికి ఇడువు."
వినిపించలేదు.
కొంగు ముడి విప్పి
మిగిలిన బెల్లం ముక్క
పైకి అందించినా.